పెద్ద దేశానికి మా నాయిన జమానత్

మెదక్‌లో మనిషి కనిపించకపోతే ఇంటికి వెళ్ళి వెతకని రోజులవి. రాందాస్ చౌరస్తా దగ్గరి దీక్షా శిబిరానికి వెళ్ళి చూసేవాళ్ళు. ప్రత్యేక రాష్ట్రం కోసం రిలే నిరాహార దీక్షలు, రోజుకొక సంఘం వంతు. ఒకరోజు బంగారం పనివాళ్ళు, ఒకరోజు ఆటోవాళ్ళు, ఒకరోజు పెన్షనర్లు. పొద్దున మెడలో దండ వేసుకుని కూర్చోవడం, సాయంత్రం ఐదింటికి ఎవరైనా పెద్దమనిషి చేతులమీదుగా నిమ్మరసం తాగి లేవడం. మధ్యలో లేచి వెళ్తే దీక్ష భగ్నమైనట్టే. అందులోనూ మర్నాడు వంతు ఉన్న సంఘం వాళ్ళు ఎవరో ఒకరు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి గమనిస్తూ ఉండేవారు (తాగుతూనే గమనించేవారు, అది వేరే సంగతి). నేను అప్పుడే లా పాసై, నల్లకోటు కుట్టించుకుని, ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. నేను చేరిన కొద్ది రోజులకే వకీళ్ళంతా కోర్టులు బహిష్కరించారు. ఉద్యమానికి నేను చేసిన మొదటి త్యాగం అది. నాకు ఒక్క కేసు కూడా లేదు కాబట్టి ఆ త్యాగం ఎవరూ గుర్తించలేదు.

ఖాళీగా ఉన్న వకీలు ఏం చేస్తాడు? ఇంకా చదువుతాడు. ఎక్కడో దూరాన పెద్ద ఊళ్ళో ఉన్న ఒక విశ్వవిద్యాలయం పేపర్లో ప్రకటన ఇస్తే, అందులో అన్నిటికంటే పొడుగు పేరున్న కోర్సు చూసి డబ్బు కట్టేశాను. అంతర్జాతీయ పర్యావరణ న్యాయశాస్త్రంలో పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా, దూరవిద్య. ఆ పేరంతా మా గుమ్మం పక్కన పెట్టబోయే బోర్డులో పడుతుందా లేదా అన్నదే అప్పట్లో నాకున్న ఏకైక సందేహం. పుస్తకాలు పోస్టులో వచ్చాయి. డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని సముద్ర మట్టం పెరగడం గురించి చదువుకునేవాణ్ణి. కింద మా బోరులో మట్టం దిగిపోతూ ఉండేది. సముద్రాన్ని నేను అప్పటికి చూడలేదు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మా నాయిన ఆర్టీసీ డ్రైవరు, మెదక్ నుంచి సికింద్రాబాద్‌కూ అక్కడి నుంచి మెదక్‌కూ నడిపినంత దూరం కూడబెడితే ఏదో ఒక సముద్రం వచ్చేదే గానీ, ఆ రూట్లో మాత్రం లేదు.

నాయిన తక్కువ మాటల మనిషి. డిపోలో ఎవరైనా "నీ కొడుకు ఏం చదువుతుండు?" అని అడిగితే, కాసేపు ఆలోచించి, "గాలి గురించి చదువుతుండు" అనేవాడు. నన్ను మాత్రం అప్పుడప్పుడు ఒక్కటే అడిగేవాడు, "గది ఎన్నటికి ఒడుస్తది?" అని. చివరికి ఒకరోజు అన్నం తింటూ తీర్పు చెప్పేశాడు. "గీ సాలు పాసైతే సరే. లేకుంటె చేగుంట పో. మామ దుకాండ్ల కూసో. ఆయినకు కూడా నమ్మకమైన మనిషి కావాల్నట." మా మామది చేగుంటలో ఎరువుల దుకాణం. ఆ రాత్రి నుంచి నేను కళ్ళు మూసుకుంటే చాలు, యూరియా బస్తాల మీద కూర్చుని, పురుగుమందు డబ్బాల మధ్య, నదుల్లో రసాయనాలు కలవకుండా దేశాలు రాసుకున్న ఒప్పందాలు చదువుతున్న నన్ను నేను చూసుకునేవాణ్ణి. చాలా స్పష్టంగా కనిపించేవాణ్ణి, చేతిలో తూకం రాయితో సహా.

పరీక్షలు ఎలాగో రాశాను. మిగిలింది చివరి అసైన్‌మెంటు. దానికి నిబంధన ఏమిటంటే, మీ అధ్యయన కేంద్రంలోని తోటి విద్యార్థులతో కలిసి ఒక నమూనా అంతర్జాతీయ సమావేశం జరపాలి. ఒక్కొక్కరు ఒక్కో దేశం పాత్ర తీసుకోవాలి. చర్చించి, ఒప్పందం రాసి, అన్ని దేశాల సంతకాలతో పంపాలి. ఒక్క సంతకం తగ్గినా చెల్లదు. నా అధ్యయన కేంద్రం మా డాబా. తోటి విద్యార్థి అంటే ట్యాంకు మీద వాలే పావురం. సీనియర్ వకీలును అడిగితే ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "దేశాలంటే ఫీజు ఎవరిస్తరు?" అన్నాడు. గడువు దగ్గరపడింది. రేపు స్పీడ్ పోస్టు చేయకపోతే చేగుంటే అన్న రోజు పొద్దున, దిక్కుతోచక చౌరస్తా వైపు నడిచాను. టెంటులో ఆవేళ దర్జీల సంఘం కూర్చుని ఉంది. మెడల్లో బంతిపూల దండలు, ముందు ఖాళీ రోడ్డు, ఐదింటిదాకా చేయడానికి ఏ పనీ లేదు, లేచి వెళ్ళడానికి వీల్లేదు. ప్రపంచంలో ఏ సమావేశానికీ ఇంత నిలకడైన ప్రతినిధులు దొరికి ఉండరని నాకు ఒక్కసారిగా తోచింది.

టెంటు బాధ్యతంతా మైకన్నది (మైకు ఎవరి చేతికీ ఇవ్వడు కాబట్టి ఆ పేరు). విషయం చెప్తే చెవి గోక్కుని, "ఏమన్న చేసుకో, గని ఒప్పందం ఆఖర్ల జై తెలంగాణ అని ఉండాలె" అన్నాడు. అంతర్జాతీయ న్యాయంలో దానికి అభ్యంతరం ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు. ఒప్పుకున్నాను. ముగ్గురు ముందుకొచ్చారు. సంఘం అధ్యక్షుడు సూటు మామ, ఊళ్ళో నిలువుటద్దం ఉన్న ఒకే ఒక్క దర్జీ దుకాణం ఆయనది. చీరలకు ఫాల్ కుట్టే ఫాలక్క. ఇక కాజా చిచ్చా, చొక్కాలకు కాజాలు తీయడంలో జిల్లాలో ఆయనంత చేయి లేదు, చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వకపోవడంలో కూడా ఆయనంత మనిషి లేడు. నా నల్లకోటు కుట్టింది చిచ్చానే. ప్రమాణ స్వీకారానికి కావాలని ఇస్తే, ఆ తర్వాత చాలా నాళ్ళకు, తీరిగ్గా ఇచ్చాడు. ప్రమాణం అరువు కోటులో చేశాను.

ఫ్యాక్టరీల పొగతో భూమి వేడెక్కి సముద్రం పెరుగుతోందనీ, పొగ వదిలే పెద్ద దేశం ఒకటి, ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న దేశం ఒకటి, మునిగిపోతున్న చిన్న దీవి ఒకటి కూర్చుని మాట్లాడుకోవాలనీ చెప్పాను. పెద్ద దేశం అనగానే సూటు మామ అడగకుండానే దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. దీవి దగ్గరే గొడవ వచ్చింది.

"దీవి అంటే ఏంది బేటా?" అన్నాడు చిచ్చా.

"చుట్టూ నీళ్ళు ఉన్న భూమి, చిచ్చా."

"చుట్టూ నీళ్ళా? నాకు గదే కావాలె."

"గదేంది, నేను ఆడిదాన్ని, నాకు ఇయ్యాలె. రోజూ ట్యాంకరు కాడ కొట్లాడెటిది నేను," అంది ఫాలక్క. వెనక కూర్చున్న దర్జీలు కూడా తలా ఒక దీవి అడిగారు. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయని చెప్పేసరికి అందరూ విరమించుకున్నారు, చిచ్చా తప్ప. ఒకసారి మాట అన్నాక వెనక్కి తీసుకునే అలవాటు తనకు లేదన్నాడు. కోటు సంగతి గుర్తొచ్చినా నేను నోరెత్తలేదు.

చర్చలు మాత్రం బ్రహ్మాండంగా సాగాయి, ఆ మాట ఒప్పుకోవాలి. "పొగ ఆపుండ్రి" అని పెద్ద దేశం అంటే, "ఇన్నేండ్లు మీరు వదిలి, ఇప్పుడు మేం పొయ్యి రాజేస్తె బందు పెట్టుమంటరా? ముందు మీరు ఆపుండ్రి, తర్వాత మా తాన్కి రాండ్రి" అని ఎదుగుతున్న దేశంగా మిగిలిన ఫాలక్క విరుచుకుపడింది. పొగ ఎప్పటికి తగ్గిస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడు, సూటు మామ అలవాటుగా "దసరాకు" అన్నాడు. సగం దసరాకు, మిగతా సగం రంజాన్‌కు అని కుదిరింది. దర్జీలకు కాలం అంటే పండుగలే. నేను అలాగే రాసుకున్నాను. మధ్యాహ్నం దాటాక ఎదురుగా మిర్చి బండి వెలిగింది. ఆ వాసన టెంటులోకి రాగానే పెద్ద దేశానికి సహనం సన్నగిల్లింది, ఎదుగుతున్న దేశం ప్రతి మాటకీ కస్సుమంది. పొరుగువాడి పొగ సరిహద్దు దాటితే ఎలా ఉంటుందో పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఉంది గానీ, ఖాళీ కడుపు సంగతి అందులో రాయలేదు. అయినా నాలుగు దాటేసరికి ఒప్పందం తయారైంది. చదివి వినిపించాను. మైకన్న చివరి పంక్తి మరోసారి చదివించుకుని తృప్తిపడ్డాడు. సూటు మామ సంతకం చేశాడు. ఫాలక్క సంతకం చేసింది. చిచ్చా పెన్ను తీసుకున్నాడు, కళ్ళద్దాలు సర్దుకున్నాడు, పెన్ను మళ్ళీ కింద పెట్టాడు.

"జమానత్ ఎవరు?" అన్నాడు.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర జమానత్ లేకుండా ఏ పనీ జరిగేది కాదు. ఇల్లు కిరాయికి తీసుకున్నా, బర్రెను కొన్నా, రెండు వైపులా తెలిసిన మనిషి ఒకడు మధ్యలో నిలబడి "నేనుంట" అనాలి. కాగితం, స్టాంపు ఆ తర్వాతి సంగతి. అంతెందుకు, పెళ్ళిబట్టలు కుట్టడానికి చిచ్చాకు ఇచ్చేవాళ్ళు కూడా ఎవరినో ఒకరిని జమానత్ నిలబెట్టే ఇచ్చేవాళ్ళు. నా కోటుకు మా నాయిన నిలబడ్డాడు. కోటు రాని రోజులన్నీ నేను నాయిన మొహం చూశాను, నాయిన వెళ్ళి చిచ్చా దుకాణం ముందు నిలబడ్డాడు.

"చిచ్చా, దేశాల మధ్య జమానత్ ఉండదు. మాట మీద నమ్మకమే" అన్నాను, పుస్తకంలో ఉన్నదే.

"నమ్మకమా? పెద్దమనుషుల ఒప్పందం అని ఒకటి రాసుకున్నరు, మనం పుట్టకముందు. గది నిలబడితే నేనిక్కడ దండ ఏసుకొని ఎందుకు కూసుంట? సింగూరు నీళ్ళు మన ఘనపురం కాల్వకు ఇడుస్తమన్నరు. ఇడిసిండ్రా? జమానత్ అంటే పైసల కోసం కాదు బేటా. మాట తప్పితే పోయి అడిగెటందుకు ఒక ఇల్లుండాలె. ఒక దర్వాజ ఉండాలె."

"నువ్వు మాట గురించి చెప్తున్నవా?" సూటు మామ లేచి కూర్చున్నాడు. "బక్రీదుకు ఇస్తనన్న షేర్వానీ మొహర్రంకు ఇచ్చినోనివి!"

"అందుకే చెప్తున్న. మాట ఎట్ల తప్పుతరో నా కన్న ఎక్కువ ఎవరికెరుక?" అన్నాడు చిచ్చా, ఏ మాత్రం నొచ్చుకోకుండా.

ఐదయింది. రిటైరైన తహసీల్దారు గారు నిమ్మరసం గ్లాసులతో వచ్చారు. అందరూ తాగారు. చిచ్చా తాగలేదు. జమానత్ తేలేదాకా గుక్క ముట్టనన్నాడు. మొదట అందరూ నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే చిచ్చాకు షుగరు ఉందన్న సంగతి ఫాలక్కకు గుర్తొచ్చింది. మైకన్నకు చెమటలు పట్టాయి. రిలే దీక్షకే పర్మిషన్ ఉంది, ఇది ఆమరణ దీక్ష అయ్యేలా ఉంది, అది కూడా తెలంగాణ కోసం కాదు, సముద్రంలో ఒక దీవి కోసం. పైగా మర్నాటి వంతు వడ్రంగుల సంఘానిది, వాళ్ళు అప్పుడే వచ్చి తమ స్థలం చూసుకుంటున్నారు. ఎవరో విలేకరికి ఫోన్ చేశారు. ఆయన వచ్చి చిచ్చాను "మీ ప్రధాన డిమాండ్ ఏమిటి?" అని అడిగాడు. చిచ్చా నన్ను చూపించాడు. నేను ఒప్పందం చూపించాను. విలేకరి దాన్ని తిరగేసి, దసరా, రంజాన్ ఉన్నచోట ఆగి, నా వైపు కొంచెం జాలిగా చూశాడు.

"నేనుంట జమానత్, తాగు చిచ్చా" అన్నాడు మైకన్న.

"నువ్వు రేపు ఏ పార్టీల ఉంటవో నాకెరుకనా?"

"నేనుంటాను" అన్నాను. నా గొంతు నాకే పీలగా వినిపించింది.

"నీకు ఇల్లేది బేటా? నీ ఇల్లు నీ నాయినది."

అంతే. నేను వద్దు వద్దంటున్నా ఎవరో సైకిలు మీద డిపోకు పోయారు. ఆ కాసేపట్లో నా జీవితం మొత్తం నాకు తేలిపోయింది. సంతకం రాదు. పొద్దున పోస్టు వెళ్ళదు. షుగరు మనిషిని దీవి పేరు చెప్పి పడగొట్టిన కొడుకును నాయిన ఇటు నుంచి ఇటే చేగుంట బస్సు ఎక్కిస్తాడు. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన బస్తాల మధ్య ఆ దుకాణం నాకు కొంచెం ప్రశాంతంగా కూడా కనిపించింది.

నాయిన డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లోనే వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగకుండా చిచ్చా పక్కన చాప మీద కూర్చున్నాడు. అందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. చేయెత్తి ఆపి, నన్ను చూసి, "నువ్వు చెప్పు" అన్నాడు. చెప్పాను. పొగ, వేడి, మంచు కరగడం, సముద్రం, దీవి. ఆ కోర్సు గురించి నాయినకు నేను పూర్తిగా చెప్పింది అదే మొదటిసారి. ఎప్పుడూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, చెప్పలేదు కాబట్టి అడగలేదు.

"గా దీవిల మనుషులున్నరా?" అన్నాడు.

"ఉన్నరు నాయినా."

"ఇండ్లు?"

"ఉన్నయి."

సూటు మామ వైపు తిరిగాడు. "నువ్వు మాట మీద ఉంటవా?"

"నాకేం, నేనుంట గని, ఆ దేశం సంగతి నాకేమెరుక అన్నా?"

"నేను నిన్నే అడుగుతున్న." సూటు మామ తలూపాడు. నాయిన జేబులోంచి డిపోలో సంతకాలు పెట్టే పెన్ను తీశాడు. "యాడ పెట్టాలె?" అని అడిగి, జై తెలంగాణకు కొంచెం పైన, పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి రాసి సంతకం చేశాడు. "కాజా భాయ్, నేనుంట. తాగు" అన్నాడు. చిచ్చా సంతకం చేసి, గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, "షక్కర్ మస్తు ఏసిండ్రు" అని మొహం చిట్లించాడు. దీవి బతికింది.

ఇంటికి నడుస్తుంటే అడిగాను, ఎందుకు నిలబడ్డావని. "షుగరున్న మనిషి తాగకుంటె ఎట్ల?" అన్నాడు. చర్చి సందు దాటాక మళ్ళీ ఆయనే అన్నాడు, "నువ్వు చదివింది నిజమే అయితె, ఆళ్ళు మాట మీద ఉండాలె గదా." అన్నాళ్ళూ నా చదువును నాయిన నమ్మలేదని నేను అలిగి తిరిగాను. నమ్మినవాడు ఎలా ఉంటాడో ఆ సాయంత్రం చూశాను.

అసైన్‌మెంటు వెళ్ళింది. మూల్యాంకనం చేసిన ఆచార్యులెవరో ఎర్ర సిరాతో మూడు చోట్ల గుండ్రంగా చుట్టారు. పండుగల చుట్టూ ఒకటి, జై తెలంగాణ చుట్టూ ఒకటి, నాయిన ఇంటి నంబరు చుట్టూ ఒకటి. ఆ మూడోదాని పక్కన, 'జమానత్ అనే ఈ వ్యవస్థకు అంతర్జాతీయ న్యాయంలో ఆధారం చూపలేదు' అని రాసి, కొన్ని మార్కులు తగ్గించి, అయినా పాస్ చేశారు. నాయిన ఫలితం విని, "నా వల్ల తగ్గినయా?" అని మాత్రం అడిగాడు. చేగుంట తప్పింది. తర్వాత తెలంగాణ వచ్చింది, టెంట్లు ఎత్తేశారు, కోర్టులు తెరిచారు. డిప్లొమా పేరు బోర్డులో పట్టలేదు, పెయింటరు 'అంతర్జాతీయ' దగ్గర ఆపేశాడు. గట్టు తగాదాలు, బ్యాంకు కేసులు చూసుకుంటూ ఉన్నాను. ఇన్నేళ్ళలో ఒక్క సముద్రం కూడా నా దగ్గరికి రాలేదు.

అయితే ఒకరోజు టీవీలో, ఫలానా పెద్ద దేశం వాతావరణ ఒప్పందంలోంచి తప్పుకుంటోందని వార్త వచ్చింది. నేను చూశాను, అందరిలాగే ఛానెల్ మార్చాను. పొద్దున్నే కాజా చిచ్చా మా ఇంటికి వచ్చాడు. చూపు తగ్గింది, మనవడి చేయి పట్టుకుని వచ్చాడు. అరుగు మీద కూర్చుని, చాయ్ వద్దని, నాయినతో, "భాయ్, నువ్వు జమానత్ ఉన్నవ్" అన్నాడు.

నేను నవ్వబోయాను. నాయిన నవ్వలేదు. అప్పటికి రిటైరై చాలా రోజులైంది, సాకు చెప్పడానికి డ్యూటీ కూడా లేదు. తల వంచుకుని, "తప్పే అయింది కాజా భాయ్. బస్సు పోయే ఊరైతే నేనే పోయి అడిగొద్దును" అన్నాడు. చిచ్చా వెళ్ళాక నన్ను పిలిచాడు. "వకీల్ సాబ్, అసలు మనిషి మాట తప్పితె జమానత్ ఉన్నోడు ఏం చేయాలె? కానూన్ల ఏమున్నది?" ఆయన నన్ను వకీల్ సాబ్ అనడం అదే మొదలు. ఉబ్బిపోయి, అసలువాడు కట్టకపోతే జమానత్‌దారే కట్టాలని, సెక్షను నంబరుతో సహా చెప్పాను. ఇంకొంచెం తక్కువ చదివి ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి నాయిన స్కూటరు ముట్టలేదు. పాలకూ కూరగాయలకూ నడిచి వెళ్తున్నాడు. స్కూటరు నాకివ్వమంటే, "నీకిస్తె నువ్వు నడుపుతవు. పొగ గదే గదా" అని పాత దోవతి కప్పి మూలన పెట్టాడు.

ఆ మధ్య ఒక పొద్దున కోర్టుకు పోతూ, పాల ప్యాకెట్లతో వస్తున్న ఆయన పక్కన, కొత్తగా కొనుక్కున్న నా బండి ఆపి, ఆ దేశం మళ్ళీ ఒప్పందంలో చేరిందట నాయినా, ఇక స్కూటరు తీయి అన్నాను.

"పొగ ఎన్నటికి తగ్గిస్తరట?"

"తారీఖు చెప్పిండ్రు."

"తారీఖు కాజా భాయ్ కూడా చెప్తడు" అని నడక ఆపకుండానే వెళ్ళిపోయాడు. నల్లకోటు మోచేతి మీద వేసుకుని, ఇంజన్ ఉరుముతుండగా, కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత బండి ఆఫ్ చేసి, వెనక్కి తిప్పి, ఇంటిదాకా ఆయన పక్కన తోసుకుంటూ నడిచాను. సందు మూల మీద ఫాలక్క చూసి, "ఏం వకీల్ సాబ్, పెట్రోలు అయిపోయిందా?" అంది.

అయిపోయిందన్నాను.